పసుపు పెట్టని బొమ్మ

కిందటి వారం మనం ప్రమోదను అమీర్‌పేటలో ఒక ఇరుకు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో నలిగిన పాంప్లెట్ ఉంది. ‘డిజిటల్ కలరింగ్, విజయేందర్ మెథడ్, ఆదివారం ఫ్రీ డెమో’ అని దాని మీద అచ్చయి ఉంది. మెట్రో దిగి రోడ్డు మీదికి వస్తే చాలు, అటువంటి కాగితాలు చేతికి అంటిస్తూనే ఉంటారు. మనం చదవకుండానే పడేస్తాం. ప్రమోద కూడా పడేసేదే, దాని మీదున్న చిలుక తనది కాకపోతే.

తనదంటే పెంచుకున్న చిలుక కాదు. తను రంగులు వేసిన చిలుక. పంజాగుట్టలో ‘తొలిపొద్దు’ అనే చిన్న స్టూడియో ఉంది, పిల్లల పుస్తకాలకు బొమ్మలు చేస్తారు. ప్రమోద అక్కడ రంగులమ్మాయి. ఆ చిలుక పుస్తకం ఈ నెలలోనే అచ్చుకు వెళ్తోంది. ఇన్నేళ్ల పనిలో మొదటిసారి అట్ట మీద ‘రంగులు: ప్రమోద’ అని వేయిస్తానని స్టూడియో యజమాని విజయేందర్ మాటిచ్చాడు. ఆమె ఆయన్ని సార్ అనదు, అన్నా అంటుంది. డిగ్రీ మధ్యలో ఆపేసి వచ్చిన పిల్లకు డిజిటల్ పెన్ను ఎలా పట్టుకోవాలో చూపించింది ఆయనే మరి. పోయిన వానాకాలంలో ఆయనే పిలిచి, నువ్వు రంగులు వేసే తీరు పాతబడింది, మార్చుకో అన్నాడు. ఈమె ఏడ్చి, మొత్తుకుని, చివరికి మార్చుకుంది. ఆ తిప్పలన్నీ మీరు చదివారు కనక మళ్లీ చెప్పను.

ఇక ఆమెతో పాటు మనమూ మిగిలిన మెట్లెక్కుదాం.

పైన హాలు కిటకిటలాడుతోంది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ప్రొజెక్టర్ తెర, తిరుగుతున్నాయో లేదో తెలియని ఫ్యాన్లు. హాస్టళ్ల నుంచి వచ్చిన అబ్బాయిలు, అమ్మాయిలు. ఫ్రీ అన్నారు కనక పక్కింటి సాఫ్ట్‌వేర్ డెమో అయిపోయాక ఇటొచ్చి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ప్రమోద ఆఖరి వరుసలో గోడవారగా కూర్చుంది. ముందు నవీన అనే ట్రైనర్ పాఠం చెబుతోంది. సన్నటి పిల్ల. గొంతు మాత్రం హాలంతా వినబడుతోంది.

“మనం మామూలుగ ఏం చేస్తం? నీడ కావాల్నంటే నలుపు కలుపుతం. బొమ్మ మురికిగ అయితది. విజయేందర్ సార్ మెథడ్‌ల నలుపు అనేదే ఉండది. అన్నిటికన్న లేత రంగు ముందు. మొత్తం బొమ్మకు అదే. తర్వాత ఎక్కడ వెలుగు ఉండాల్నో గా జాగ లాక్ చేస్తం. సార్ దాన్ని కట్టేసుడు అంటరు. కట్టేసి, మిగిలిన దాని మీద ఇంకొంచెం ముదురు రంగు. మళ్ల కట్టేసి, ఇంకొంచెం ముదురు. అందుకే సార్ బొమ్మలల్ల చీకటి సుత వెచ్చగ ఉంటది. కింద లేత రంగు బతికి ఉంటది కదా.”

తెర మీద ప్రమోద చిలుక రంగు రంగుగా విచ్చుకుంటోంది. చెయ్యి అడ్డొచ్చిన ముక్కలన్నీ కోసేసిన వీడియో అది. ఎవరు వేస్తున్నారో కనబడదు.

ప్రమోద ముందుకు వంగి వింది. ఆ పిల్ల చెబుతున్న ప్రతి మాటా తనది. కాదు, తన తండ్రిది. చేనేతకు పేరున్న పుట్టపాకలో మార్కండేయులు నూలుకు రంగులద్దేవాడు. లేత రంగులో ముంచడం, ఆ లేత రంగు నిలవాల్సిన చోట దారంతో గట్టిగా కట్టేయడం, తర్వాత ముదురులో ముంచడం. కంప్యూటర్ ముందు కూర్చున్న కూతురికి వేరే పద్ధతి తెలియక అదే చేసింది. అందరూ పొరల మీద పొరలు పెట్టి రంగులు వేస్తుంటే ఈమె ఒకే పొర మీద లేత నుంచి ముదురుకు నడిచేది. ‘కట్టేయడం’ అన్న మాట ఆఫీసులో ఎప్పుడో పరధ్యానంలో అని ఉంటాను, అనుకుంది.

ఇంతలో గళ్ల చొక్కా అబ్బాయి ఒకడు చెయ్యెత్తాడు. “మేడం, ఎడమ దిక్కు కింద మూలకు గా పసుపు చుక్క ఏంది?”

“గుడ్ క్వశ్చన్. అది కలర్ బ్యాలెన్స్. ఏ బొమ్మ మొదలుపెట్టినా ఫస్టు గదే పెట్టాలె. పెట్టకుంటే దాని మీద ఏసే రంగులు సెట్ కావు. అందరు రాసుకోన్రి.”

అందరూ బుద్ధిగా రాసుకున్నారు.

ప్రమోదకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే కళ్లు మండాయి. కలర్ బ్యాలెన్స్ అట! కొత్త నూలు రంగులో ముంచే ముందు దాని కొసకు చిటికెడు పసుపు రాయడం వాళ్లింటి అలవాటు. రాయకపోతే మార్కండేయులు కాగు కింద పొయ్యి కూడా వెలిగించనిచ్చేవాడు కాదు. కూతురు కంప్యూటర్‌లో బొమ్మలు వేసినా ఆయనకు అదే పట్టింపు. అందుకే ఆమె ప్రతి బొమ్మకూ ఎడమ మూల ఓ పసుపు చుక్క పెట్టి, ఆ పైన పని మొదలుపెట్టేది. పూర్తయ్యేసరికి అది మిగతా రంగుల కింద కనబడకుండా పోయేది. అది లెక్కా కాదు, సూత్రమూ కాదు. ఒక ఇంటి నమ్మకం. దాన్ని దొంగిలించినవాళ్లకు అదేమిటో కూడా తెలియలేదు. తెలియక, సూత్రమని పేరు పెట్టి పాఠం చెప్పిస్తున్నారు.

స్టూడియోలో ఆమెను మార్చుకోమని విజయేందర్ చెప్పిన కొత్త పద్ధతిలో ఆ చుక్కకు చోటు లేదు. అక్కడ మొదలే బూడిద రంగుతో. వానాకాలంలో ఈ సంగతి తండ్రికి చెప్పడానికి ఆమె ఎంతో జంకింది. పసుపు పెట్టకుండా పని మొదలుపెడతావా అని ఇల్లు పీకి పందిరేస్తాడనుకుంది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా, “సార్ చెప్పినట్టు విను బిడ్డా. కంప్యూటర్ల పసుపేంది,” అన్నాడు. నా తండ్రిది ఎంత పెద్ద మనసు అని ఆ రోజు ఆమె మురిసిపోయింది.

“ఎందుకు సెట్ కావు మేడం?” ప్రమోద లేచి నిలబడి అడిగింది.

నవీన తడబడింది. “అంటే... సార్ అట్లనే చెప్పిండు. సార్‌నే అడుగుదాం. వస్తున్నరు.”

నిజంగానే వస్తున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు. విజయేందర్ నడిచే తీరులోనే ఒక ఆప్యాయత ఉంటుంది. ఇటూ అటూ పిల్లల భుజాలు తడుతూ వచ్చి, ఆఖరి వరుసలో నిలబడ్డ మనిషిని చూసి ఒక్క క్షణం ఆగాడు. ఒక్క క్షణమే. తర్వాత ముఖం నిండా నవ్వాడు.

“అరే, ప్రమోదా! నువ్వు సుత వచ్చినవా? చెప్తే నేనే కార్ల తీస్కొస్తుంటి కదా.” పిల్లల వైపు తిరిగాడు. “గీమె మా స్టూడియోల సీనియర్. మస్తు టాలెంట్.”

“అన్నా, గిది నా పని,” అంది ప్రమోద.

“మన పని కాదని ఎవరన్నరు?”

“మన పని గాదు. నా పని. గా చిలుక నేనేసిన. గా పసుపు నేను పెట్టిన. అది బ్యాలెన్స్ గాదు, ఏం గాదు.”

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒకమ్మాయి ఫోన్ పైకెత్తింది. విజయేందర్‌కు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ప్రమోద తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆయన టేబుల్ మీది పెన్ను తీసి, రెండు చేతులతో ఆమె వైపు చాచాడు.

“సరే. గింతమంది ఉన్నరు. ఏసి చూపియ్యి. నువ్వు గట్లనే ఏస్తే మొదలు చప్పట్లు కొట్టేది నేనే.”

న్యాయంగానే ఉంది కదా! ఇంతకన్నా ఏం కావాలి? ప్రమోద విసవిసా నడిచి వెళ్లి టాబ్లెట్ ముందు కూర్చుంది. నవీన ఒక జామకాయ గీతబొమ్మ తెరిచి ఇచ్చి పక్కకు జరిగింది. తెల్లటి కాన్వాస్, దాని మీద సన్నటి గీతలు. గోడ మీది పెద్ద తెర మీద కూడా అదే. ప్రమోద పెన్ను పట్టుకుంది. చెయ్యి కదిలింది.

ఇక్కడ ఆ చేతి గురించి ఒక మాట చెప్పాలి. పాత అలవాటు వదిలించుకోవడానికి ఆమె పడని పాట్లు లేవు. మానిటర్ కింద ‘ముందు బూడిద’ అని చీటీ అంటించుకుంది. పసుపు రంగుకు వేలు పోకుండా పాలెట్‌లోంచే తీసేసింది. మొదట్లో చెయ్యి మొండికేసేది. రోజంతా బూడిద రంగులో వెలుగునీడలు తేల్చి, ఆపైన పలచటి రంగు పొరలు కప్పి, సాయంత్రం బస్సులో కూర్చుంటే వేళ్లు వాటంతటవే లేత నుంచి ముదురుకు కదిలేవి. అయినా వదల్లేదు. అన్న చెప్పాడు కదా! ఒక రోజు పొద్దున పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి గమనించింది, ఒక్కసారి కూడా పాత తీరు గుర్తు రాలేదని. ఆ రోజు స్టూడియో అంతటికీ స్వీట్లు పంచింది. మొదటి లడ్డు విజయేందర్ నోట్లో పెట్టింది.

ఆ చెయ్యి ఇప్పుడు కదిలింది. ఎడమ చెయ్యి షార్ట్‌కట్ నొక్కింది, కొత్త పొర తెరుచుకుంది, కుడి చెయ్యి పాలెట్‌లోకి వెళ్లి రంగు తీసుకుని జామకాయ మీద ఒక్క ఊపులో పెద్ద గీత లాగింది.

బూడిద రంగు.

పెద్ద తెర మీద, అందరూ చూస్తుండగా.

గళ్ల చొక్కా అబ్బాయి మళ్లీ చెయ్యెత్తాడు. వాడి గొంతులో వెటకారం లేదు, నిజంగానే సాయం చేద్దామని అన్నాడు. “మేడం, పసుపు పెట్టలే.”

నవ్వులు వినబడ్డాయి. ప్రమోద తల కొట్టేసినట్టయింది. గబగబా చెరిపేసింది. పసుపు తీసుకుంది. మూల చుక్క పెట్టింది. జామకాయ మీద లేత రంగు పరిచింది. ఆ తర్వాత? ఎక్కడ కట్టేయాలి? ఇదివరకు ఆ ప్రశ్నే ఉండేది కాదు. బొమ్మ చూడగానే వెలుగు ఎక్కడ నిలుస్తుందో వేలికి తెలిసేది. ఇప్పుడు వేలు ఆలోచిస్తోంది. ఆలోచించే వేలుతో రంగు వేస్తే ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. మరకలు. ఆమెకు తన చెయ్యి మీదే అసహ్యం వేసింది.

“స్టేజి మీద టెన్షన్ అయితది, ఎవరికైనా,” అన్నాడు విజయేందర్, ఎంతో దయగా. పెన్ను ఆమె వేళ్లలోంచి మెల్లగా తీసుకున్నాడు. “పది నిమిషాలు బ్రేక్. కింద చాయ్, సమోసా ఉన్నయి, అందరు తినున్రి. ప్రమోదా, నువ్వు జర ఇట్ల రా.”

ఆ దయ ఆమెకు చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

హాలు పక్కన చిన్న వరండా ఉంది. కింద అమీర్‌పేట రోడ్డు, ఎదురుగా మెట్రో స్తంభాలు. గోడకు అడుగు ఖాళీ లేకుండా కోర్సుల బ్యానర్లు. రైలు పోతున్నప్పుడు రెయిలింగ్ సన్నగా వణుకుతుంది. విజయేందర్ ఆ రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడ్డాడు.

“ఎందుకన్నా?” అంది ప్రమోద. ఇంకేదో అడగాలనుకుంది, అదే వచ్చింది.

“కోపం తర్వాత, ముందు నేను అడిగేదానికి చెప్పు. పుస్తకం ఏపిచ్చుకునే పార్టీ వచ్చి బొమ్మల గీ చీర ఎరుపు వద్దు, ఆకుపచ్చ పెట్టున్రి అన్నడనుకో. నీ పాత తీరుల మార్చాల్నంటే బొమ్మ మళ్ల మొదటి నుంచి ఎయ్యాలె. ఔనా, కాదా?”

“ఔను.”

“కొత్త తీరుల?”

“ఒక్క నిమిషం.”

“మరి నేను నీకు తప్పు చెప్పిన్నా?”

తప్పు చెప్పలేదు. అదే ఆమెను ఇన్నాళ్లూ కట్టిపడేసింది. కొత్త పద్ధతి వచ్చాక పని తేలికైంది, మెడనొప్పి తగ్గింది, పార్టీలు గొణగడం మానేశారు. ఇవన్నీ నిజాలే. నిజాలు చెప్పి కూడా మనిషిని మోసం చేయవచ్చని ప్రమోదకు అప్పుడే అర్థమవుతోంది.

“నాకు పాతదని చెప్పినవ్. పనికిరాదని చెప్పినవ్,” అంది. “మరి వీళ్లకు గొప్పదని ఎట్ల చెప్తున్నవన్నా?”

“స్టూడియోకు పనికిరాదన్న. క్లాసుకు పనికిరాదనలే. పోరగాళ్లకు కొత్తగ కనిపిస్తది, నేర్చుకుంటరు. నీకేం నష్టం? నీ జీతం తగ్గిందా? నువ్వు వద్దని ఇడిచిపెట్టినదే కదా నేను తీసుకున్న.”

“నేనెక్కడ ఇడిచిపెట్టిన? నువ్వు ఇడిపించినవ్.”

కింద ఎవరో ఆటోవాడితో గొడవపడుతున్నారు. విజయేందర్ వంగి అటు చూశాడు. అదేదో మామూలు ఆఫీసు సంగతి చెబుతున్నట్టు అన్నాడు.

“చూడు ప్రమోదా, నువ్వు గట్లనే ఏస్తూ ఉంటే, చూసినోళ్లు గివి ప్రమోద రంగులంటరు. మెథడ్ అనరు. మెథడ్ అనాల్నంటే అది ఒక్క మనిషి చేతిల ఉండొద్దు.”

అప్పుడు ఆమెకు అంతా విడివిడిగా కనిపించింది. పోయిన వానాకాలం ఆయన పిలిచి కూర్చోబెట్టి, నీళ్లు తాగమని చెప్పి, ఎంతో బాధపడుతున్నట్టు నీ పద్ధతి పాతబడిందని చెప్పడం. చెయ్యి మొండికేసిన రోజుల్లో భుజం తట్టి, అలవాటు పోవడానికి టైం పడుతుందనడం. మానిటర్ కింద చీటీ చూసి శెభాష్ అనడం. ఆమె లడ్డు పెడితే నోరు తెరవడం. ఆమె తన చేతిలోంచి తన పనిని గోళ్లతో పీకి పారేస్తుంటే, ఆయన కింద దోసిలి పట్టి నిలబడ్డాడు.

“అన్నా అని పిలిచిన నిన్ను,” అంది. ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. “మా ఇంట్ల అన్నలు లేరు. నేను నిజంగనే అన్నవనుకున్న.”

“నేను సుత నిజంగనే చెల్లెవనుకున్న.”

“పుస్తకం మీద నా పేరుంటదా?”

విజయేందర్ ఐడీ కార్డు తాడు సరిచేసుకున్నాడు. “పుస్తకం, క్లాసులు అన్ని ఒక్కటే పేరు మీద పోతే మంచిగుంటదని అనుకున్నం. అట్ట మీద మెథడ్ పేరు ఉంటది. లోపల థాంక్స్‌ల నీ పేరు ఏపిస్త.”

అంటే ‘రంగులు: విజయేందర్’. ఆ పుస్తకం ఊరికి పట్టుకెళ్లి, అట్ట మీద కూతురి పేరు చేనేత సంఘం పెద్దలందరికీ చూపిస్తానని మార్కండేయులు ఎన్నిసార్లు అన్నాడో! ఈ మధ్య మాత్రం ఆ మాట అనడం లేదు. వయసు మీద పడి మతిమరుపు వస్తోందనుకుంది.

“నా ఫైళ్లు చూసి దొంగతనం చేసినవ్,” అంది ప్రమోద. “కేసు పెడత.”

ఈసారి ఆయన ముఖం మారింది. మొదటిసారి నొచ్చుకున్నట్టు కనిపించాడు. “దొంగ అనకు. ఫైళ్లల్ల ఏముంటది? ఒక్క పొర ఉంటది, అంతే. ఏది ముందు, ఏది ఎనక, ఎక్కడ కట్టెయ్యాలె, అది ఫైల్ చూస్తే ఎట్ల తెలుస్తది? నువ్వు ఏస్తుంటే చూడాలె. నేను ఏంది, నీ పక్కన కూసున్నోళ్లకు సుత చూడనియ్యకపోదువు, తెర పక్కకు తిప్పుకుంటుంటివి. నేను తీసుకోలే ప్రమోదా. నాకు ఇచ్చిండ్రు.”

“ఎవలిచ్చిండ్రు?”

“గది నా నోట రాదు. మాటిచ్చిన.”

ఇంత పని చేసిన మనిషి మాట మీద నిలబడతాడట! ఆయన ఆమెను దాటుకుని లోపలికి వెళ్లాడు. వెళ్తూ అలవాటుగా ఆమె భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ప్రమోద ఒక్కతే మిగిలింది. ఎవరిచ్చారు? ఆఫీసులో పక్క సీట్లో సంగీత కూర్చుంటుంది. టిఫిన్ బాక్సు పంచుకునే స్నేహితురాలు. నీ చీకట్లు అంత వెచ్చగా ఎలా వస్తాయే అని ఎప్పుడూ అడిగేది. అప్పుడు మెచ్చుకోలు అనుకుంది. ఇప్పుడు ప్రతి మాటా ఆరా తీసినట్టే అనిపిస్తోంది. ఫోన్ తీసి సంగీత నంబరు వెతికింది. నోటికొచ్చినట్టు తిట్టాలి. ఈ ఒక్కరోజులో ఒకరినైనా తిట్టి గెలవాలి.

“అక్కా.”

వెనక్కి తిరిగితే నవీన. హాల్లో అందరి చేతా మేడం అనిపించుకున్న పిల్ల ఇప్పుడు తనను అక్కా అంటోంది. ముఖం పాలిపోయి ఉంది.

“ఏమనుకోకున్రి. మీ చెయ్యి ఒక్కసారి చూపిస్తరా? కుడి చెయ్యి.”

ప్రమోద చెయ్యి చాచింది. మణికట్టు పైన పాత మచ్చ ఉంది. చిన్నప్పుడు రంగు కాగు దగ్గర ఆడుతుంటే వేడి నీళ్లు చింది కాలిన మచ్చ. నవీన దాన్ని చూసి పెదవి కొరుక్కుంది.

“మీరు పెన్ను పట్టినప్పుడు చూసిన, అనుమానమొచ్చింది. క్లాసుల చూపించేది కట్ చేసిన వీడియో అక్కా. అసలుది మొత్తం నా లాప్‌టాప్‌ల ఉంది. దాంట్ల చెయ్యి కనపడతది. గీ మచ్చనే. సార్ తన దగ్గర చేసే అమ్మాయికి నేర్పించి ఏపిచ్చిన్నంటే నమ్మిన. ఒట్టు, నాకు ఎరుక లేదు.”

“చూపియ్యి.”

హాలు ఖాళీగా ఉంది. అందరూ సమోసాల దగ్గర ఉన్నారు. ఇద్దరూ లాప్‌టాప్ మీదికి వంగారు. వీడియో మొదలైంది. అవును, తన చెయ్యే. మచ్చ, ఆకుపచ్చ మట్టి గాజులు. చిలుక ఇంకా పుట్టలేదు, కాన్వాస్ తెల్లగా ఉంది. కెమెరా కొంచెం ఊగింది, టాబ్లెట్ కింద ఉన్నది కూడా తెరలోకి వచ్చింది.

పీట. ముగ్గు వేసిన చెక్క పీట.

ఆఫీసులో పీట లేదు. టేబుళ్లు, కుర్చీలు ఉంటాయి. ఆ పీట, ఊరు విడిచి వచ్చాక తల్లిదండ్రులతో ఉంటున్న బోరబండ ఇంట్లోది. ఆదివారం పొద్దున గడప దగ్గర వెలుతురుకు కూర్చుని టాబ్లెట్ పీట మీద పెట్టుకుని వేస్తుంది. అంటే ఇది సంగీత కాదు. సంగీత ఎప్పుడూ ఇంటికి రాలేదు. ప్రమోదకు ఒక్క నిమిషం పెద్ద బరువు దిగినట్టు అనిపించింది. స్నేహితురాలిని అనవసరంగా తిట్టబోయానే అనుకుంది. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది.

“సౌండేది?”

“మ్యూట్‌లనే పెట్టమన్నరు సార్. ఏవో మాటలు ఉన్నయంట, డిస్టర్బ్ అయితదంట.”

“తియ్యి.”

నవీన మ్యూట్ తీసింది. ముందు ఇంట్లోని ఫ్యాను చప్పుడు. తర్వాత లోపలి గదిలోంచి తల్లి కాంతవ్వ కుట్టు మిషన్. దూరంగా గల్లీలో కూరగాయల బండివాడి అరుపు. అన్నీ తనకు తెలిసినవే, రోజూ వింటున్నవే. తెరలో తన చెయ్యి పాలెట్ వైపు వెళ్లింది.

“పసుపు పెట్టినవా బిడ్డా?”

గొంతు కెమెరా వెనక నుంచే వచ్చింది.

“పెడుతున్న నాయినా,” అంది వీడియోలోని ప్రమోద, వెనక్కి తిరక్కుండానే.

ఇందులో ఏముంది? రోజూ అడిగే మాటే. తను పని చేస్తుంటే ఆయన వెనక మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. ముచ్చటపడి కూతురి పని ఫోన్‌లో తీసుకుని ఉంటాడు. ఊళ్లో వాళ్లకు పంపి ఉంటాడు. ఎవరో ఎక్కడో దాన్ని పట్టుకుని ఉంటారు. ఆయనకు పాపం ఏం తెలుసు? ఇలా తనకు తానే వాదించుకుంటూ ప్రమోద తెరను చూస్తోంది. తెరలో ఎడమ మూల పసుపు చుక్క పడింది.

కెమెరా మెల్లగా ఆమె భుజం మీదుగా ముందుకు వంగింది. చెయ్యి ఇంకా బాగా కనబడేలా సర్దుకుంది. మంచం కిర్రుమంది. తర్వాత ఫోన్‌కు నోరు ఆనించి, కూతురికి వినబడకుండా మార్కండేయులు గుసగుసగా అన్నాడు.

“పెట్టింది సారూ. ఇగ మంచిగ చూసుకోన్రి. మీరు మానుమని చెప్పినంక మళ్ల గిట్ల ఎయ్యది నా బిడ్డ.”